పాంప్లెమూస్ పేదరికానికి రోజ్‌బెల్ భజన

పరాయి ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చేతిలో చిల్లిగవ్వ లేదన్న వార్త వింటే మనిషికి ఆకలి పెరుగుతుంది. నిద్ర బాగా పడుతుంది. నడుం నొప్పి తగ్గుతుంది. ఇంత మేలు చేసే మందు పోర్ట్ లూయిస్‌లో ఏ డాక్టరు దగ్గరైనా ఉందా? లేదు. ఉన్నా దానికి ఫీజు అడుగుతాడు.

ఈ వైద్యరహస్యాన్ని కనిపెట్టిన మహానుభావుడు రోజ్‌బెల్ మునుస్వామి.

పెద్ద యుద్ధం ముగిసి, చక్కెర ధర కొండెక్కి కూర్చున్న రోజులవి. మునుస్వామి చెరకు ఎస్టేటులో బళ్ల చక్రాలకు ఇనుప పట్టాలు బిగించే కమ్మరి. శనివారం సాయంత్రం రామమందిరంలో భజన నడిపేదీ అతనే. వాళ్ల తాత ఈ చెరకు దీవికి కోరంగి రేవులో ఓడెక్కినప్పుడు వెంట తెచ్చుకున్నవి ఒక జత తాళాలు, ఒక గొంతు. తాళాలు ఎప్పుడో అరిగిపోయాయి. గొంతు మాత్రం చెక్కుచెదరకుండా మనవడికి దక్కింది.

ఆ గొంతును మునుస్వామి శనివారం రాముడికి, ఆదివారం పాంప్లెమూస్ లోటస్ క్లబ్బుకు కేటాయించాడు.

పాంప్లెమూస్ సర్కారు తోటలో తాంబాళాలంత ఆకులతో తేలే కలువలున్నాయి కదా, ఆ క్లబ్బు పేరు వాటిని చూసి పెట్టుకున్నదే. ఆ ఆకు మీద పసిపిల్లను కూర్చోబెట్టినా మునగదంటారు. క్లబ్బు మాత్రం ఎవరూ కూర్చోకుండానే మునుగుతూ ఉండేది.

దాని కోశాధికారి గోపాలం. ఆయన మునుస్వామికి స్వయానా బావ, అక్క వెంకమ్మ భర్త. బావను వెక్కిరించడం బావమరిది జన్మహక్కు. దానికి గవర్నరు గారి అనుమతి అక్కర్లేదు. మామూలు బావమరుదులకు బావ మీసమో, బట్టతలో దొరుకుతుంది. మునుస్వామికి ఏకంగా ఒక క్లబ్బు దొరికింది!

ఏం క్లబ్బు అది! బంతికి తోలుకన్నా అతుకులే ఎక్కువ. గోలుకు వల కొనే స్తోమత లేక బెస్తవాళ్ల దగ్గర పాత చేపలవల తెచ్చి కట్టారు. ఎన్నిసార్లు ఉతికినా దాని వాసన పోలేదు. మ్యాచ్ మొదలయ్యేసరికి ఊళ్లో పిల్లులన్నీ గోలు వెనక బారులు తీరి కూర్చునేవి. సిపాయిల దగ్గర కొన్న పాత చొక్కాలను పసుపులో ముంచి జెర్సీలన్నారు. వాన కురిసిన రోజున చొక్కాలు తెల్లబడేవి, అవతలి జట్టు చేతులు పచ్చబడేవి.

పోనీ, పేదవాళ్లు కదా, సింపుల్‌గా ఉంటారా అంటే అదీ లేదు. వాళ్లకున్నన్ని ఆచారాలు తిరుపతి కొండ మీద కూడా ఉండవేమో. గోలు స్తంభాలకు పసుపు రాసి బొట్లు పెట్టాలి. కొబ్బరికాయ కొట్టాలి. బంతిని బుట్టలో పెట్టుకుని, క్లబ్బులో అందరికన్నా పెద్దాయన గొడుగు నీడలో, డప్పుల మధ్య మైదానంలోకి నడిచి రావాలి. అంతవరకూ రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని నిలబడాలి. అన్నిటికన్నా పెద్ద ఆచారం ఆట అయ్యాక ఉండేది. గెలిచినా ఓడినా అవతలి జట్టుకు పులిహోర పెట్టాలి. లోటస్ గెలిచిన దాఖలాలు పెద్దగా లేవు కాబట్టి, తమను చితక్కొట్టిన వాళ్లకు విందు చేసి పంపడమే దాని అసలు ఆర్థిక విధానం.

ఇలాంటి క్లబ్బు కనిపిస్తే కవి అన్నవాడు ఊరుకుంటాడా?

మునుస్వామి రామభజన వరసలోనే పాట కట్టాడు.

బంతికి కుట్లే బంగారు నగలు,
గోలున పిల్లులే కాపలా భటులు,
గోపాలమా, ఓ గోపాలమా,
గల్లాపెట్టెలో గాలేనా?

ఆ చివరి పాదం రోజ్‌బెల్‌లో పాలు పితికేవాళ్లూ, చెరకు నరికేవాళ్లూ కూడా పాడుకున్నారు. ఆదివారం వస్తే చాలు, మునుస్వామి వెనక ఒక రైలుపెట్టె నిండేది. పోర్ట్ లూయిస్ దాకా వెళ్లి, బండి మారి, ఉత్తరం వైపు పాంప్లెమూస్‌కు పోవాలి. లోటస్ ఎవరితో ఆడుతున్నదీ వీళ్లకు అనవసరం. ఆడుతోందా లేదా, అంతే. తమ ఇంట్లో కిరసనాయిలు ఉందో లేదో తెలియనివాడికి కూడా గోపాలం ఈ వారం కొబ్బరికాయ నగదుకు కొన్నాడో, అప్పుకు తెచ్చాడో తెలిసేది. ఇదీ లోకజ్ఞానమంటే!

గోపాలం పాట వింటూ తల ఊపేవాడు. వెంకమ్మకు మాత్రం ఒకసారి ఒళ్లు మండింది. ఆ రోజు మునుస్వామి పులిహోరలో చింతపండు కన్నా చింత ఎక్కువని కొత్త చరణం కట్టాడు. జనం పడీపడీ నవ్వారు. ఆమె గరిట పట్టుకునే తమ్ముడి దగ్గరికి నడిచింది.

"ఒరే తమ్ముడూ, మీ బావ పెట్టె మీద పాడుకో, పిల్లుల మీద పాడుకో. నా వంట మీద పాడకు. పొద్దున లేచి ఇంతమందికి వండేది నేను. నువ్వు కూడా తినే పోతున్నావు."

మునుస్వామికి ఆ మాట సూదిలా దిగింది. ఆ చరణం మళ్లీ పాడలేదు. దాని బదులు గొడుగుకున్న చిల్లుల మీద రెండు కట్టాడు. కవికి మాత్రం వేరే గతేముంది?

ఇక్కడే కథ ఎవరూ చూడని మలుపు తిరిగింది. రోజ్‌బెల్ భజన వినడానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఆట చూడ్డానికి రానివాళ్లు పాట కోసం వచ్చారు. మైదానం పక్కన గాతోలనే కారపు గారెలు అమ్మే మిషెలిన్ ఒక బుట్టకు రెండు బుట్టలు తెచ్చుకుంది.

"ఆయో, మిసియే మునుస్వామీ, మీరు రాని ఆదివారం నా గాతోలు మిగిలిపోతాయి. జ్వరం గిరం తెచ్చుకోకండి," అందామె.

గోపాలం నెమ్మదస్తుడే గాని అమాయకుడు కాడు. ఒక ఆదివారం మైదానం చుట్టూ తాడు కట్టాడు. తాడు దగ్గర పళ్లెం పట్టుకుని తనే నిలబడ్డాడు. రోజ్‌బెల్ వాళ్లు ఎగబడి చిల్లర వేశారు. మునుస్వామి అందరికన్నా ఎక్కువ వేశాడు.

"దగ్గరనుంచి నవ్వాలి బావా. దూరంనుంచి నవ్వితే మీకు సరిగా వినపడదు."

"ముందు వరసలో కూర్చో మునుస్వామీ. నీకోసం చాప వేయించాను," అన్నాడు గోపాలం.

కొన్నాళ్లకు కొత్త బంతి వచ్చింది. మునుస్వామి మొదటి పాదం మార్చుకోవాల్సి వచ్చింది. తర్వాత అసలైన వల వచ్చింది. పిల్లులు మొహాలు వేలాడేసుకుని వెళ్లిపోయాయి, వాటితోపాటు రెండో పాదమూ పోయింది. ఎక్కడ లోపముందో వెతికి వెతికి మునుస్వామికి కళ్లు కాయలు కాశాయి. అయినా పట్టు విడవలేదు. కొత్త బంతి మరీ నున్నగా ఉందని పాడాడు.

ఇంతకీ రోజ్‌బెల్‌కు సొంత క్లబ్బు లేదా అంటారా? ఉంది. రోజ్‌బెల్ రోవర్స్. ఎస్టేటు మేనేజరు దొర బూట్లిచ్చాడు, చెరకుతోటల మధ్య చక్కటి మైదానమిచ్చాడు. కెప్టెన్ శివరాం లేడిలా పరిగెత్తే కుర్రాడు. ఒక సాయంత్రం అతను కొలిమి దగ్గరికి వచ్చాడు.

"మామా, ఈ ఆదివారం మాహేబూర్ జట్టు మన ఊరొస్తోంది. నువ్వు రావాలి. నువ్వొస్తే పదిమంది వస్తారు."

మునుస్వామి సుత్తి దించాడు. "వచ్చి ఏం పాడమంటావు? మీకు బంతి బాగుంది, బూట్లు బాగున్నాయి. లోటు లేనిచోట పాట పుట్టదురా."

"లోటుంది మామా. చూసేవాళ్లు లేరు."

"అలోర్, సరే, వచ్చే వారం చూద్దాంలే," అన్నాడు మునుస్వామి. ఈ వారం లోటస్ వాళ్లు కొత్త గొడుగు తెస్తున్నారని కబురు. అలాంటిది మిస్సవడం ఎలా?

ఆ ఆదివారం మేనేజరు దొర గుర్రమెక్కి మైదానం వైపు వచ్చాడు. రెండు జట్లు ఆడుతున్నాయి. గట్టు మీద రెండు మేకలు మేస్తున్నాయి. చూసేందుకు మనిషన్నవాడు లేడు. దొర కాసేపు ఆటా, కాసేపు నేలా చూశాడు. చక్కెర ధర కొండెక్కిన రోజుల్లో నేలను ఊరికే ఉంచడం ఏ దొరకు చేతనవుతుంది? ఆటలైతే ఎవరికీ అక్కర్లేదు, చెరకైతే అందరికీ కావాలి అనుకుని వెళ్లిపోయాడు.

సోమవారం మైదానంలో చాళ్లు తీశారు. ఆ సాయంత్రం శివరాం రెండు గోలు స్తంభాలను భుజాన వేసుకుని కొలిమి ముందు నిలబడ్డాడు.

"వీటిని ఎక్కడ పెట్టమంటావు మామా?"

మునుస్వామి లోపలికి చెయ్యి చూపించాడు. "లోపల గోడకు ఆనించు," అన్నాడు. ఆ తర్వాత పని చేస్తున్నంతసేపూ వాటివైపు వీపు పెట్టుకునే కూర్చున్నాడు.

ఏటా ఒకసారి జరిగే రోవర్స్, లోటస్ మ్యాచ్‌కు ఆ ఏడు రోజ్‌బెల్ వంతు. మైదానమే లేదు కాబట్టి పాంప్లెమూస్‌లోనే పెట్టారు. గొడుగూ డప్పులూ అయ్యాక గోపాలం మధ్యలోకి వచ్చాడు. క్లబ్బుకు మేలు చేసినవాళ్లకు దండ వేయడం లోటస్ వారి ఇంకో ఆచారమట. ఇన్నాళ్లూ మేలు చేసినవాడు లేక అది ఎవరికీ తెలియలేదు.

"ఈ బంతీ, వలా, బూట్లూ మా బామ్మర్ది గొంతులోంచి వచ్చినవే," అన్నాడు గోపాలం. ఆ మాటలో వెటకారం లేదు. కళ్లు చెమర్చాయి కూడా. మునుస్వామి మెడలో బంతిపూల దండ పడింది. అవతల శివరాం చూస్తున్నాడు. మునుస్వామికి ఆ దండ బండి చక్రమంత బరువనిపించింది.

ఆట మొదలైంది. ఇన్నాళ్లూ వింటూ కూర్చున్న లోటస్ జనం ఆ రోజు తామే ఒక పాట అందుకున్నారు.

నేల లేని జట్టుకు నింగి మైదానం,
గోడకు ఆనించిన గోలే సంతానం.

రోజ్‌బెల్ వాళ్లు మునుస్వామి వైపు చూశారు, జవాబు కడతాడని. మునుస్వామి పాట విన్నాడు. మాట బాగుంది. నిజమూ ఉంది. తాళమే రెండో పాదంలో జారుతోంది. ఆ జారుడు అతని చెవిలో ముల్లులా గుచ్చుకుంది. ఎంతసేపని ఓర్చుకుంటాడు? లేచి, చేత్తో తొడ మీద దరువు వేస్తూ, పాటను సరైన తాళంలోకి ఎక్కించాడు. పాంప్లెమూస్ వాళ్లంతా అతని వెనకే అందుకున్నారు. సొంత ఊరి క్లబ్బును తానే నిలబడి దులిపేస్తున్నానన్న సంగతి మూడోసారి తిరిగేసరికి తట్టింది. నోరు మూసుకుని కూర్చున్నాడు.

రోవర్స్ ఓడిపోయారు. వెంకమ్మ వాళ్లకు పులిహోర వడ్డించింది. తమ్ముడి ఆకులో ఇంకో గరిటె వేసి, "తిను. ముఖం అలా పెట్టకు," అంది.

"అక్కా, మైదానం పోవడానికి నేనే కారణమంటావా?"

"కారణం సంగతి తర్వాత. కమ్మరివి కదా, గునపం ఉందా లేదా?"

రోజ్‌బెల్ స్టేషను వెనక ఎవరికీ పనికిరాని రాళ్ల నేల ఒకటుంది. స్టేషను మాస్టరును అడిగితే ఆయన ఆ నేలను చూసి, మునుస్వామిని చూసి, జాలిపడి సరేనన్నాడు. అప్పటినుంచి ఆదివారాలు మునుస్వామి, శివరాం, జట్టువాళ్లు అక్కడే గడిపారు. తవ్వినకొద్దీ రాళ్లే. పాంప్లెమూస్ రైలుకు పోతున్న ఊరివాళ్లు కాస్త ఆగి చూసేవాళ్లు.

"ఇక్కడ ఆటా? పా కపావ్ మునుస్వామీ, అయ్యే పని కాదు," అని రైలెక్కేవాళ్లు. భజన అలవాటు మునుస్వామికి పోయినా వాళ్లకు పోలేదు. ఒక్క చెయ్యీ సాయానికి రాలేదు.

నేల మైదానంలా కాకపోయినా, మైదానమని ఒట్టు వేస్తే నమ్మేటట్టు తయారైంది. మొదటి మ్యాచ్‌కు లోటస్‌ను పిలిచారు. మునుస్వామి వారం ముందునుంచే ఇంటింటికీ వెళ్లి చెప్పాడు. తీరా ఆ రోజు చూస్తే గట్టు ఖాళీ. శివరాం బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

అప్పుడు రైలు వచ్చింది. పాంప్లెమూస్ జనం డప్పులతో దిగారు. ముందు గోపాలం, పక్కన బుట్టతో మిషెలిన్, వెనక వెంకమ్మ. మైదానాన్ని చూసీ చూడగానే భజన అందుకున్నారు. ఈ నేల మీద ఆడటానికి బూట్లు కాదు, గుర్రపు నాడాలు కావాలని మొదటి పాదం. బంతి ఇటు తన్నితే అటు పోతుందని రెండో పాదం. తాళం ఈసారి ఎక్కడా జారలేదు.

బజారులో తలలు లేచాయి. ఎవరినో ఏదో అంటున్నారు. ఎవరిని? ఒకరి వెనక ఒకరు పరిగెత్తుకొచ్చారు. సంగతి తెలిసేసరికి మొహాలు ఎర్రబడ్డాయి. గునపం పట్టుకోమంటే తీరిక లేదన్నవాడే అందరికన్నా ముందు గట్టెక్కాడు.

"మన క్లబ్బును ఇంత మాటంటారా? మన నేలను అనడానికి వీళ్లెవరు?"

మన క్లబ్బు. రోజ్‌బెల్‌లో ఎవరి నోటా ఆ రెండు మాటలు కలిసి రాగా మునుస్వామి అంతకుముందు వినలేదు. ఊరు ఊరంతా కోపంతో వచ్చి గట్టు నిండా కూర్చుంటోంది. శివరాం జట్టును వరసలో నిలబెడుతున్నాడు.

మునుస్వామి జనాన్ని తప్పించుకుంటూ గోపాలం దగ్గరికి వెళ్లి చెవిలో అన్నాడు.

"గట్టిగా పాడించు బావా. పైవీధి వాళ్లు ఇంకా రాలేదు."