ముక్కు నొక్కితే పాడే కుందేలు

పసిపిల్లలతో ఆడడానికి తండ్రి దేనికండీ? బ్యాటరీ కుందేలు ఒకటుంటే చాలదూ!

మా షుబ్రా పేట బజారులో నేను కొన్న కుందేలు అలాంటిలాంటిది కాదు. ముక్కు నొక్కితే పాడుతుంది. చప్పట్లు కొడుతుంది. "భేష్ బంగారం!" అని మెచ్చుకుంటుంది. పసిమెదడు ఆటతోనే ఎదుగుతుందని డబ్బా మీద రాశారు. ఆ ఆట ఎవరు ఆడించాలో రాయలేదు. నాకు నచ్చిందే అది!

మా పాప జుమానాకి తొమ్మిదో నెల. అమ్మమ్మను చూస్తే కేరింతలు కొడుతుంది. నన్ను మాత్రం గోడను చూసినట్టు చూస్తుంది. ఇందులో నా తప్పేముంది? పుట్టిన ఏడో రోజు వేడుకలో పిల్లను జల్లెడలో పడుకోబెట్టి, చెవి పక్కన ఇత్తడి రోలు ఠంగుఠంగున మోగిస్తూ మా అత్తగారు నఫీసా వీధంతా వినబడేలా ఏమన్నారు? "అమ్మ మాట విను తల్లీ, నాన్న మాట వినకు!" ఇక్కడ ప్రతి బిడ్డకీ సరదాగా చెప్పే మాటే. నా కూతురు ఒక్కతే దాన్ని మనసుకు పట్టించుకుంది.

అందుకే సైన్సును నమ్ముకున్నాను. కుందేలు పిల్లను ఆడిస్తుంటే, పిల్లల్ని ఎలా ఆడించాలో ఫోనులో చదువుకుంటాను. దోబూచులాడితే, కనిపించని మనిషి మళ్ళీ వస్తాడని బిడ్డకు తెలుస్తుందట. ఎంత గొప్ప విషయం!

మొన్న అత్తగారు జల్లెడ మొహానికి అడ్డం పెట్టుకుని పిల్లను నవ్విస్తూ, "ఏం నాయనా యూనిస్, ఓసారి నువ్వూ దాక్కోరాదూ?" అన్నారు.

"వ్యాసం సగంలో ఉన్నానత్తయ్యా."

"ఓహో, దాక్కునే ఉన్నావన్నమాట. ఆ ఫోను వెనకాల!"

నిన్న మధ్యాహ్నం కుందేలు మూగబోయింది. జుమానా దాని ముక్కు నొక్కింది. మళ్ళీ నొక్కింది. ఆ తర్వాత, పాఠకులారా, నా వైపు పాకుతూ వచ్చింది! ఒళ్ళోకెక్కి నా ముక్కు గట్టిగా నొక్కి, ఎదురుచూస్తూ కూర్చుంది.

ఏదో ఒకటి పాడాలి. ఏం పాడాలి? వ్యాసంలో ఉంటుందేమోనని ఫోను కేసి చూశాను.

తలెత్తేసరికి పిల్ల ఒళ్ళో లేదు. కుందేలును దాటుకుని, జల్లెడ పట్టుకున్న అమ్మమ్మ దగ్గరికి పాకిపోతోంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది.

అత్తగారు పగలబడి నవ్వి, బజారుకు బయల్దేరుతున్న నా భార్యకు కేకేశారు. "రబాబ్! రెండు జతల బ్యాటరీలు తేవే. కుందేలుకొకటి, మీ ఆయనకొకటి!"

కుందేలు సంగతి తర్వాత చూద్దాం, రబాబ్. ముందు నాకు వెయ్యి.