షార్వాద్ వంతెనపై బెర్కేనీ వంశ వైభవం

సూర్యుణ్ణి చీరగా ధరించి, చంద్రకళను పాదపీఠంగా చేసుకొని, మా హంగరీ దేశాన్ని ఒడిలో పెట్టుకొన్న కన్యమాతా! నీ పుత్రుడు నీళ్ల మీద నడిచినవాడు. ఆయనకు వంతెన అవసరం రాలేదు. మాకు వచ్చింది. కాబట్టి ఈ కథ చెప్పే నోటికి సత్తువనూ, వినే చెవులకు ఓపికనూ ప్రసాదించు తల్లీ!

మహాఘనత వహించిన బెర్కేనీ మోరిత్స్ ప్రభువు జిల్లా ఉపాధిపతి పదవికి నిలబడి దేశాన్ని ఉద్ధరించడానికి అంగీకరించారని, ఆదివారం పూజ ముగియగానే షార్వాద్ చర్చి మెట్ల మీద ప్రకటన వెలువడింది. వారిని ఒప్పించడం ఎవరి తరమూ కాలేదట. చివరకు తమను తామే ఒప్పించుకొన్నారు.

ఈ మోరిత్స్ గారూ నేనూ ఒకే వంశవృక్షానికి కాసిన వాళ్లం. మా మూలపురుషుడు బెర్కేనీ బాలింట్ ఒకానొక యుద్ధంలో రాజుగారి గుర్రాన్ని కాపాడాడు. అదే యుద్ధంలో రాజుగారిని మరెవరో కాపాడారు. వారికి పన్నెండు గ్రామాలు దక్కాయి. గుర్రాన్ని కాపాడినందుకు మాకు ప్రభువుల హోదా, ఒక ఆల్‌బుఖారా తోట దక్కాయి. మోరిత్స్ గారి శాఖవారు పెళ్లిళ్లు ఆచితూచి చేసుకొన్నారు గనుక వారికి కోట ఉంది. మా శాఖవారు ప్రేమించి చేసుకొన్నారు గనుక తరతరాలు పంచుకోగా నా వాటాకు ఏడు చెట్లు మిగిలాయి. వాటిలో కొన్ని కాస్తాయి కూడాను.

కాని టోబియాష్ అనే ఈ పేద ప్రభువుకు ఒక ఐశ్వర్యం ఉండేది. మా ఏటి వంతెన దాటే రైతు సుంకం కట్టాలి, పలక విరిగితే వెట్టికి వచ్చి బాగుచెయ్యాలి. ప్రభువు ఏదీ చెయ్యనక్కరలేదు. మోచేతుల దగ్గర చిరిగిన కోటుతో నేను అక్కడికి చేరేసరికి సుంకరి చోర్బ మిహాయ్ అడ్డుకర్ర పైకెత్తి, టోపీ తీసి, వంగి, “దయచేయండి దొరా!” అనేవాడు. ఆ టోపీ అతని తల మీది నుంచి మోకాలి దాకా దిగే ఆ కాస్త సేపే నా జమీందారీ. అవతలి ఒడ్డున నాకు పనేమీ లేకపోయినా రోజూ వెళ్లి వస్తూండేవాణ్ణి.

ప్రకటన వెలువడిన కొన్నాళ్లకు మోరిత్స్ గారి బండి నా గుమ్మం ముందు ఆగింది. అంతకు ముందు ఎన్నడూ ఆగలేదు గనుక గుర్రాలు కూడా ఆశ్చర్యపోయాయి.

“పెదనాన్నగారూ, ఓట్లు చాలడం లేదు,” అన్నారు, నేను పోసిన ఆల్‌బుఖారా సారా మర్యాద కోసం మింగుతూ. “ఓటు హక్కు ప్రభువులకే గదా! అవతలి పార్టీ వాడి వంశం చూడబోతే కుందేళ్ల మంద.”

“వాళ్లు ముందుచూపుతో కన్నారు నాయనా! మనం ఇప్పుడు మొదలుపెట్టినా ఎన్నికల నాటికి ఎదగరు.”

“అందుకే ఎదిగినవాళ్లనే కందామంటున్నాను.”

వారి రాజనీతి నాకు అప్పుడు బోధపడింది. మా ప్రభు హోదా పట్టా తురకల దాడిలో కాలిపోయింది. అలాంటి వంశాలకు మా జిల్లాలో ఒక సదుపాయం ఉంది: ఇద్దరు ప్రభువులు సిలువ మీద చెయ్యి వేసి “ఇతడు మా రక్తమే” అంటే చాలు, అతడు ప్రభువు.

“సిలువ మీద అబద్ధమా!” అన్నాను. నేను లాటిను పద్యాలు, వేదగ్రంథం నియమంగా చదువుకొన్నవాణ్ణి.

“మీరు వంశపెద్దలు. ఎన్నికల విందులో నా కుడిపక్క కుర్చీ మీదే. మీ పాండిత్యానికి దారి దొరకకపోతుందా?”

దొరికింది. ఆదికాండం తెరిచేసరికి ఆదాము కనిపించాడు. మా తండ్రి వైపున ఆయన నాకు బంధువు. క్షురకుడికీ అంతే, పిండిమర వాడికీ అంతే. కాబట్టి “మా రక్తమే” అనడంలో అసత్యం లేశమైనా లేదు. ఈ వ్యాఖ్యానం విని మోరిత్స్ గారు నా చెయ్యి ముద్దు పెట్టుకొన్నారు. పండితుడికి ఇంతకన్న ఏం కావాలి?

వంశాభివృద్ధి వెంటనే మొదలైంది. క్షురకుడు నాకు మేనల్లుడయ్యాడు. పిండిమర వాడు, వాడి తమ్ముళ్లు పినతండ్రి బిడ్డలయ్యారు. పందుల కాపరులు గుంపుగా వచ్చి మనుమలై వెళ్లారు. కొత్త బంధువులందరూ టోపీల్లో తెల్ల ఈకలు గుచ్చుకొని, మోరిత్స్ గారి గుయాష్ మాంసపు కూర కాగుల చుట్టూ చేరి, కోల్పోయిన శతాబ్దాలకు సరిపడా తిన్నారు. చిట్టచివరకు ఊళ్లో ప్రభువు కానివాడు సుంకరి మిహాయ్ ఒక్కడే మిగిలాడు.

“నన్నూ కలుపుకుంటారా దొరా?” అని వాడు టోపీ నలుపుకొంటూ అడిగాడు. “మా అయ్య పేరే నాకు సరిగ్గా తెలీదే!”

“తెలియకపోవడమే మంచిదిరా. పైన ఆదాము ఉన్నాడు, చాలదూ?” అని ధైర్యం చెప్పాను.

“ఆదామైతే సరే. ఆయన పుట్టుక గురించి ఎవరూ చెడ్డగా చెప్పుకోరు.”

ప్రమాణం చేశాను. మర్నాడు వంతెన దగ్గరికి వెళ్లాను. మిహాయ్ అడ్డుకర్ర ఎత్తనే లేదు. అది ఎప్పుడో ఎత్తేసి ఉంది. వాడు గట్టున కూర్చొని చుట్ట కాలుస్తున్నాడు. టోపీ తల మీదే ఉంది.

“టోపీ, మిహాయ్!” అన్నాను.

“బాగుంది కదా బాబాయ్! ఈక కొత్తది.”

“తియ్యవా?”

“చుట్టాల దగ్గర ఆ మర్యాదలెందుకులెద్దూ! నువ్వూ తియ్యకు. ఎండగా ఉంది.”

మోరిత్స్ గారు అఖండ విజయం సాధించారు. ఊరంతా ఒకే కుటుంబమై ఓటు వేసిన ఘట్టం లోకంలో ఇదివరకు జరిగి ఉండదు. ఈలోగా వంతెనకు సుంకం కట్టేవాడు లేడు, వెట్టికి వచ్చేవాడు లేడు. పలకలు ఒక్కొక్కటీ ఏటిలో పడుతూంటే, తన వంశానికి జరిగిన అవమానంగా భావించి ప్రతి ప్రభువూ చూపు తిప్పుకొని దూకి దాటేవాడు.

విజయోత్సవం నాడు మోరిత్స్ గారి బండి ఆ వంతెన మధ్య దాకా మహాఠీవిగా వచ్చింది. అక్కడి నుంచి కిందికి వెళ్లింది. నడుము లోతు నీళ్లలో నిలబడి వారు గట్టు మీది ప్రజలకు చెయ్యి ఊపారు. ప్రజల మధ్యకు ఇంతగా దిగివచ్చిన ఉపాధిపతిని మా జిల్లా ఎరుగదు.

“వంతెన బాగుచెయ్యండి!” అన్నది అక్కడి నుంచి వెలువడిన తొలి ఆజ్ఞ.

“మేం బెర్కేనీలం,” అన్నాడు క్షురకుడు. “మేం వెట్టి చెయ్యడమేమిటి?”

“గుర్రాన్ని కాపాడిన వంశం!” అని పందుల కాపరులు ఛాతీలు విరుచుకొన్నారు. నిజానికి అప్పుడు కూడా గుర్రాలనే కాపాడవలసి ఉంది.

బట్టలు ఆరాక, వంశ పరిశుద్ధికి మోరిత్స్ గారు ఒక విచారణ కమిటీ వేశారు. షరతు పాతదే: బంధువులిద్దరు ప్రమాణం చెయ్యాలి. క్షురకుడికి పిండిమర వాడు చేశాడు, వాడికి క్షురకుడు చేశాడు. సభంతా ఒకరి కోసం ఒకరు సిలువ ముట్టుకొన్నారు. నా వంతు వచ్చేసరికి మిహాయ్ లేచాడు. వాడు సత్యసంధుడు.

“ఇతను నాతో చెప్పిన మాట ఉంది. మాకూ ఇతనికీ చుట్టరికం ఆదాము గుండానేనట. మేమంతా బెర్కేనీలమని ఈ కమిటీయే తేల్చింది. మరి ఇతనెవరో నాకు తెలీదు. సిలువ మీద అబద్ధం ఎలా ఆడేది?”

నేను మోరిత్స్ గారి వైపు తిరిగాను. “నాయనా! నువ్వు చెప్పు. నీ ముత్తాతా మా తాతా అన్నదమ్ములు కారూ?”

“పెదనాన్న...” అని వారు కమిటీ వైపు చూశారు. కమిటీ యావత్తూ ఓటర్లే. ఒకసారి దగ్గి, “న్యాయపీఠం మీద ఉన్నవాడు సాక్ష్యం చెప్పరాదు టోబియాష్. పలకలు కోటలో ఉన్నాయి, పట్టుకుపో,” అన్నారు. న్యాయానికి రక్తం అడ్డురానివ్వని ఇలాంటి అధికారి మా వంశంలో పుట్టినందుకు నా కళ్లు చెమర్చాయి.

వంతెన ఇప్పుడు దాదాపు నిలిచింది. అడ్డుకర్రను కూడా తిరిగి దించారు. సుంకం కట్టేవాడు ఒకడు దొరికాడు గదా! ఇందాక మిహాయ్ వచ్చాడు. సుత్తి పక్కన పెట్టి, అడ్డుకర్ర ఎత్తి, టోపీ తీసి, వంగి, “దయచేయండి దొరా!” అన్నాను. చూడబోతే అవతలి ఒడ్డున వాడికి పనేమీ ఉన్నట్టు లేదు. వెంటనే తిరిగి వచ్చాడు.

ఈ కథ విన్న వారందరినీ కన్యమాత చల్లగా చూచుగాక! వారి తోటలు కాయుగాక! వారి కాలి కింది పలకలు నిలుచుగాక! నడిమి పలకకు మాత్రం ఇంకా మేకు పడలేదు. ప్రభువులైన వారు కాస్త అంచు వెంబడి నడుతురు గాక! ఆమెన్.