తెల్మా అలిగిన వారం

పెళ్ళాం అలిగితే బెంబేలెత్తే మగవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పెళ్ళాం అలిగితే బాగుండునని క్యాలెండరు చూసుకునే మగవాడు మాత్రం స్పానిష్ మాట్లాడే ఆంటిగ్వా ఊరు మొత్తానికి ఒక్కడే. మునిసిపాలిటీలో నీళ్ళ పన్ను గుమాస్తా, నేరీ.

అతని లెక్క తేలికైనది. భార్య తెల్మాకు కోపం వస్తే మాట్లాడదు. మాట్లాడకపోతే పని చెప్పలేదు. చెప్పని పని చెయ్యలేదని ఎవరూ దెప్పలేరు. ఈ సంగతి కనిపెట్టినందుకు నేరీ తన భుజం తానే ఎన్నోసార్లు తట్టుకున్నాడు.

ఈసారి అవసరం గట్టిది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలపు ఆదివారం రాజధానిలో పెద్ద ఫుట్‌బాల్ ఆట. స్నేహితులు బస్సు కూడా మాట్లాడేశారు. సరిగ్గా అదే రోజు మరియమాత ఊరేగింపు వాళ్ళ వీధిలోకి వస్తుంది. మాత పల్లకీ మోసే వంతు తెల్మాకు మొట్టమొదటిసారి దక్కింది. మరి పల్లకీ నడిచే దారిలో, ఇంటిముందు రంగుల రంపంపొట్టుతో ముగ్గులాంటి తివాచీ వెయ్యాల్సింది ఎవరు? తెల్లవారుజాము నుంచి మోకాళ్ళ మీద కూలబడాల్సింది ఎవరు?

అందుకని సోమవారం భోజనం దగ్గర నేరీ చెంచా కింద పెట్టాడు.

"మా అమ్మ వండిన చిక్కుళ్ళు ఇలా ఉండేవి కావు."

అంతే, తెల్మా మూతి బిగుసుకుపోయింది. నేరీ లోలోపల పండగ చేసుకున్నాడు.

పాపం, ఎదురుగా కూర్చున్న మారిత్‌ను లెక్కలోకి తీసుకోలేదు. స్పానిష్ నేర్చుకోవడానికి ఫిన్లాండ్ నుంచి వచ్చి వాళ్ళింట్లో దిగిన నర్సు ఆ పిల్ల. వచ్చిన దగ్గర్నుంచీ "అవును", "కాదు", "ఇక చాలు" తప్ప నోరు విప్పలేదు.

"మారిత్ తల్లీ," అంది తెల్మా తియ్యగా, "వాళ్ళమ్మ చిక్కుళ్ళు బల్ల కింద కుక్కకు పెట్టింది ఎవరో కాస్త ఆ పెద్దమనిషినే అడుగు."

మారిత్ నేరీ వైపు తిరిగింది. "మీ... అమ్మ... చిక్కుళ్ళు... కుక్కకు... ఎవరు... పెట్టారు?"

"నాకు చెవుడు లేదమ్మా!"

"తప్పులున్నాయా, దోన్ నేరీ?" అంది మారిత్ మర్యాదగా.

"లేవు. నువ్వు చెప్పింది... అంటే, నీ భాషలో తప్పు లేదు."

మర్నాడు తెల్మా ఇంకో మెట్టెక్కింది. "ఇలాంటి దద్దమ్మను ఈ లోయలోనే చూడలేదని చెప్పమ్మా."

మారిత్ అప్పజెప్పి ఆగింది. "దద్దమ్మ అంటే ఏమిటి, దోన్ నేరీ?"

అర్థంకాని మాటలు ఇంటివాళ్ళే ఓపిగ్గా వివరించాలని భాష నేర్పే బడివాళ్ళ నియమం. నేరీ గొంతు సవరించుకున్నాడు.

"అంటే... ఏ పనీ చేతకానివాడు."

"ఒక ఉదాహరణ చెప్పండి."

నేరీ గది నలుమూలలా చూశాడు. ఉన్న మగవాడు తనొక్కడే.

"నేనే అనుకో."

"చాలా బాగా అర్థమైంది," అంది మారిత్.

తెల్మా గిన్నెలో మొహం దాచుకుంది.

గురువారం మాత్రం తెల్మా వేళాకోళం ఆడలేదు. "చెప్పు తల్లీ. పెళ్ళి కాకముందు నుంచీ ఆ పల్లకీ కింద భుజం పెట్టాలని ఆశపడ్డానని చెప్పు. తీరా మోసుకుంటూ మా గుమ్మం ముందుకు వచ్చేసరికి వీధి బోసిగా ఉంటే, నేను తలెత్తుకోలేనని చెప్పు."

మారిత్ ఒక్కో మాటా తీసి నేరీ ముందు పెట్టింది. "బోసిగా అంటే?"

"అంటే... ఎవరూ పట్టించుకోనట్టు," అన్నాడు నేరీ. తెల్మా మాటలు ఇన్నేళ్ళూ ఇంట్లో కుళాయి చప్పుడులా విన్నాడు. ఒక పరాయి పిల్ల ఆగి ఆగి చెబుతుంటే, అందులో ఒక మనిషి కోరిక ఉందని ఇప్పుడు తెలిసింది. ఆశ్చర్యంతో భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

శనివారం తన నడుం పట్టేసిందని స్నేహితులకు కబురు పంపాడు. ఆదివారం తెల్లవారుజామున నిజంగానే పట్టేసింది. మోకాళ్ళ మీద పాకుతూ ఊదా రంగు పొట్టు జల్లెడ పడుతుంటే మారిత్ పక్కన పువ్వుల అచ్చులు పట్టుకుంది.

ఎదురింటాయన గుమ్మంలోకి వచ్చి నవ్వాడు. "ఏం నేరీ, ఆట ఇక్కడే ఆడుతున్నావా?"

"ఆయన్ని ఆడనివ్వండి," అంది మారిత్ గుక్క తిప్పుకోకుండా. "మీ ఇంటిముందు గడ్డిపోచ కూడా లేదు. మీ ఆవిడ ఇంకా లేవలేదా, లేచి మిమ్మల్ని చూసి మళ్ళీ పడుకుందా?"

ఎదురింటాయన తలుపేసుకున్నాడు. నేరీ చేతిలో జల్లెడ జారిపోయింది.

"ఇంత స్పానిష్ నీకెప్పుడొచ్చింది?"

"మీరు ఆఫీసుకెళ్ళాక బట్టలుతికే తొట్టి దగ్గర దోన్యా తెల్మా నేర్పుతుంది కదా. దద్దమ్మ అనే మాట ముందే నేర్పేసింది. ఏమీ తెలియనట్టు మిమ్మల్నే అడగమంది."

"బోసిగా కూడానా?"

"అన్నీ. ప్రతి ఏడూ పెద్ద ఆట ముందే మీకు వంట నచ్చదట."

నేరీకి ఒళ్ళు మండాలి. మండలేదు. "అమ్మ తెల్మా!" అన్నాడు, గుళ్ళో నిలబడ్డవాడిలా.

మధ్యాహ్నం బాకాలు మోగాయి. సాంబ్రాణి పొగలోంచి పల్లకీ ఊగుతూ వచ్చింది. నల్ల లేసు ముసుగు, చెమటపట్టిన నుదురు, అంత పెద్ద కొయ్య దూలం కింద తెల్మా భుజం. పొద్దుటి పువ్వులన్నీ ఆ పాదాల కింద చెదిరిపోతున్నాయి. చెదరనీ అనుకున్నాడు నేరీ. ఇంత గొప్పగా నడిచే మనిషి రోజూ తన ఇంట్లోనే నడుస్తోందా!

గుమ్మం ముందు పల్లకీ కాసేపు ఆగింది. తెల్మా తివాచీ చూసింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అప్పుడు నేరీని చూసింది.

నేరీ నోరు తెరిచాడు. పుట్టిననాటి నుంచీ మాట్లాడుతున్న స్పానిష్‌లో ఒక్క మాటా దొరకలేదు.

మారిత్ అతని చెవి దగ్గరికి వంగింది. "తెల్మా... నువ్వు... ఎంత... బాగున్నావో."

"తెల్మా," అన్నాడు నేరీ, "నువ్వు... ఎంత... బాగున్నావో."

తెల్మా మారిత్ వైపు తల తిప్పింది.

"సరిగ్గా వినబడలేదు తల్లీ. ఇంకోసారి చెప్పమను."