ఏడు కన్నాల హబ్బు

ఒక పెద్ద అడవిలో, అది పెద్దది కాబట్టే, ఒక ఆఫీసు కూడా ఉండేది. చిన్న అడవుల్లో జంతువులు ఒకదాన్నొకటి కేకేసుకుని పని కానిచ్చేసుకుంటాయి. పెద్ద అడవి హోదాకి అలాంటివి తగవు.

ఆ ఆఫీసులో ఒక లాప్‌టాప్ ఉండేది. పులుల్ని లెక్కపెట్టడానికి వచ్చిన మనుషులు నిజంగానే ఒక పులిని చూసి, సామానంతా వదిలేసి పరుగు లంకించుకున్నారు. అలా అడవికి ఒక లాప్‌టాపూ, ఎండకి కరెంటు పట్టే పలకా, ప్రింటరూ, కెమెరా, వేలిముద్రలు తీసుకునే యంత్రమూ సంక్రమించాయి.

లాప్‌టాప్ పక్కన యూఎస్‌బీ కన్నాలు మూడున్నాయి. ప్రారంభోత్సవం రోజున ఛైర్మన్ గజేంద్రంగారు, అంటే ఏనుగుగారు, పసుపూ కుంకుమా తొండంతో చల్లారు. తొండంతో చల్లితే చిటికెడు పడదు కదా! ఒక కన్నం నిండా కుంకుమ కూరుకుపోయింది. పుల్ల పెట్టి తీద్దామంటే అపశకునమన్నారు. రెండో కన్నంలో ఛైర్మన్‌గారి బుల్లి ఫ్యాను పెట్టారు. ఏనుగుకి ఆ ఫ్యాను గాలి ఏ మూలకని అడక్కూడదు, అది హోదా ఫ్యాను. ఇక మిగిలింది ఒక్కటే కన్నం.

ఆ ఒక్క కన్నంతో ఆఫీసు నడపాల్సింది సుగుణ అనే ఉడుత. వీపు మీద మూడు గీతలున్నా చేతిలో ఏ అధికారమూ లేని కాంట్రాక్టు ఉద్యోగి. నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించాలంటే ఛైర్మన్ సంతకం పడాలి.

ఆ ఏడు వాగు పొంగుతుందని కప్పలు ముందే చెప్పాయి. వాగు ఒడ్డున బొరియల్లో ఉండే నలభై కుందేటి కుటుంబాలకి ఎగువ గుట్ట మీద చోటివ్వాలని మండలి తీర్మానించింది. అక్కడితో ఆగితే అది మండలి ఎందుకవుతుంది? "చీటీ లేనిదే గుట్ట ఎవరూ ఎక్కరాదు, ఎంతటివారైనా సరే" అని ఇంకో వాక్యం చేర్చి, ఛైర్మన్‌గారు సంతకం పెట్టారు. గుట్ట దారికి అడ్డంగా అడవిదున్నని కాపలా పెట్టారు. చీటీ కావాలంటే ముందు కాలిముద్ర వెయ్యాలి, తర్వాత ఫొటో దిగాలి, ఆ తర్వాత ప్రింటు తీసుకోవాలి. కుందేళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ఒకే కుందేలు రెండు బొరియలు కొట్టేస్తుందని ఆఫీసు భయం.

మొదటిరోజు సుగుణ పని సులువుగా తేల్చేసింది. ముద్ర యంత్రం తీగ పెట్టి ముద్ర తీసుకుంది, అది పీకి కెమెరా తీగ పెట్టింది, అదీ పీకి ప్రింటరు తీగ పెట్టింది. ఒక చీటీ అయింది. పొద్దుగూకేసరికి పదకొండు చీటీలిచ్చింది.

మర్నాడు ప్రింటరు విభాగం పెద్ద జాంబయ్య అనే ఎలుగుబంటి ఆఫీసుకొచ్చి చూస్తే, తన ప్రింటరు తీగ బల్ల మీద పడి ఉంది. ఆయన ఒళ్ళు మండిపోయింది.

"ఎవరే నా తీగ పీకింది?"

"నేనేనండి. ముద్ర తీసుకుంటున్నానండి. అవగానే మళ్ళీ మీదే పెడతానండి."

"మళ్ళీ పెడతావా? ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది! నా తీగ పీకడమంటే నా కుర్చీ లాగెయ్యడమే. అడవిలో ఎలా తలెత్తుకోవాలి?"

కెమెరా విభాగం పెద్ద నీలకంఠం అనే నెమలి పక్కనుంచి అందుకున్నాడు. "నాది నిన్న పదకొండుసార్లు పీకిందండి జాంబయ్యగారూ. మర్యాదస్తుణ్ణి కనక పైకి అనలేదు."

ముద్ర యంత్రం కార్యదర్శి నరసింగానిది. నరసింగం అంటే నక్క. నక్క కోపం తెచ్చుకోదు, ఫైలు తెరుస్తుంది. సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. ఎవరి తీగ పీకాలన్నా ఆ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. మళ్ళీ పెట్టాలన్నా ఉండాలి.

ఈ గొడవలో రెండోరోజు ఒక్క చీటీయే వచ్చింది. మూడోరోజు నీలకంఠం ఈకలు రాలుతున్నాయని సెలవు పెట్టడంతో అదీ లేదు.

పాపాయమ్మ అనే కుందేలు అప్పటికి మూడు రోజులుగా వరసలో నిలబడి ఉంది. ఇంటిదగ్గర ఇంకా గెంతడం రాని పిల్లలు ఆరుగురు.

"అమ్మా సుగుణా, మృగశిర దాటిపోతోందే. ఆరుద్ర వస్తే వాగు ఆగదు. ఆ ముద్రేదో వేసేస్తాను, నా మొహాన ఓ కాగితం పడెయ్యమ్మా, నీకు పుణ్యముంటుంది."

"నాదేముంది పాపాయమ్మత్తా, ఉన్నది ఒక్క కన్నం. దానికి పెద్దలు ముగ్గురు" అంది సుగుణ. అలా అన్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఆఫీసులో చేరిన కొత్తల్లో "నాదేముంది" అనే మాట తన నోట రాకూడదని ఒట్టు పెట్టుకున్న ఉడుత అది.

విషయం మండలికెక్కింది. నరసింగం గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, పట్నంలో హబ్బు అనేది దొరుకుతుంది. దాన్ని ఒక కన్నంలో పెడితే ఏడు కన్నాలవుతాయి. అందరి తీగలూ ఎప్పుడూ పెట్టే ఉంటాయి. ఎవరూ ఎవరిదీ పీకక్కర్లేదు."

"ఒకటికి ఏడా!" అని ఛైర్మన్‌గారు చెవులు విప్పార్చారు. "దీన్నే అభివృద్ధి అంటారు."

పట్నం వెళ్ళొచ్చే కాకికి పని అప్పగించారు. నిబంధన ప్రకారం ముగ్గురు కాంట్రాక్టర్లు పోటీ పడాలి. కాకి ఒకసారి మామూలు గొంతుతో, ఒకసారి బొంగురు గొంతుతో, ఒకసారి తలుపు చాటునుంచి పలికి ముగ్గురి పోటీ ముగించింది. వారం తర్వాత హబ్బు వచ్చింది. ఈసారి కుంకుమ గిన్నె తొండానికి అందకుండా సుగుణ దాచేసింది.

ప్రింటరు, కెమెరా, ముద్ర యంత్రం కలిపి మూడు తీగలు. ఇంకా నాలుగు కన్నాలు ఖాళీ. ఖాళీ కన్నం చూస్తే ఆఫీసుకి అన్నం సయిస్తుందా? జాంబయ్య తేనె వెచ్చబెట్టుకునే పళ్ళెం తెచ్చి ఒకదాంట్లో దోపాడు. ఫొటోల కోసమంటూ నీలకంఠం తనమీద పడేట్టు ఒక దీపం పెట్టుకున్నాడు. నరసింగం నడుముకి మర్దనా చేసే పట్టీ తగిలించాడు. ఛైర్మన్‌గారు రెండో ఫ్యాను పెట్టారు, చెవులు రెండు కదా.

సుగుణ మొదటి కుందేలుని పిలిచింది. ముద్ర యంత్రం ఎర్రగా రెండుసార్లు మిణుక్కుమని ఆరిపోయింది. కెమెరా అసలు కళ్ళే తెరవలేదు.

"అయ్యా, హబ్బుకి సొంత బలం లేదండి" అంది సుగుణ. "ఆ ఒక్క కన్నంలోంచి వచ్చేదాన్నే ఏడుగురికీ పంచుతుందండి. పిండి కొద్దీ రొట్టె కదండీ. ఆ పళ్ళెం, ఫ్యాను, పట్టీ, దీపం కాసేపు తీసేస్తే..."

"దీపం తీస్తే నేను కనపడను" అన్నాడు నీలకంఠం.

"దిగాల్సింది కుందేళ్ళు కదండీ ఫొటో?"

"వాళ్ళు కనపడి ఏం చెయ్యాలి?"

"పళ్ళెం అసలే చిన్నది" అన్నాడు జాంబయ్య. "ఆ ఫ్యానేదో..." అని ఛైర్మన్ మొహం చూసి, "...ఎంత చల్లగా తిరుగుతోందో!" అని ముగించాడు.

నరసింగం సుగుణని పక్కకి పిలిచాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? వాగు ఒడ్డు కుందేళ్ళది, పరికరాలు అధికారులవి. నీది నెలాఖరు దాకా ఉన్న ఉద్యోగం. కన్నాలు చాలలేదు, అంతే. ఇంకో హబ్బు తెప్పిద్దాం."

ఇంకో హబ్బు వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలంటే, ఇంకెక్కడ? మొదటి హబ్బులోనే. పట్టీ తీగ కాస్త జరిపి దాని చోట్లో దోపారు. మొత్తం పదమూడు కన్నాలయ్యాయని నరసింగం ప్రకటించగానే చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగకముందే లాప్‌టాప్ తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది.

"ఏమంటోందమ్మా?" అన్నారు ఛైర్మన్‌గారు.

"తగిలించినవి మోయలేనంత ఎక్కువయ్యాయి, కొన్నిటిని తీసెయ్యమంటోందండి."

"ఎవరివి తీసెయ్యాలో పేర్లు రాసిందా?"

"లేదండి."

"అయితే మనకి వర్తించదు. ఫైల్లో పెట్టు."

ఆరుద్ర కార్తె ప్రవేశించిన రోజు పొద్దున్నే వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి పాపాయమ్మ ఒక పిల్లని నోట కరుచుకుని, ఒళ్ళంతా బురదతో ఆఫీసు గుమ్మంలోకొచ్చి పడింది. పిల్లని కింద పెట్టి, "ఇంకా అయిదుగురు లోపలున్నారే" అంది. "గడపలోకి నీళ్ళొచ్చేశాయి. గుట్ట దగ్గరికెళ్తే దున్నపోతు కొమ్ములడ్డం పెట్టింది. కాగితం లేందే కదలనంది. నేనెక్కడికి పోనే తల్లీ?"

ఆమె వెనక మిగతా కుందేళ్ళన్నీ వానలో నిలబడి ఉన్నాయి. ఒక్కటీ అరవడం లేదు. అరిచి ఉంటే సుగుణకి కాస్త తేలిగ్గా ఉండేది.

అధికారులు భోజనాలు చేసి కునుకు తీస్తున్నారు. సుగుణ ఒకసారి కాంట్రాక్టు గురించి ఆలోచించింది. ఒకసారి గచ్చు మీద వణుకుతున్న ఆ పిల్ల వంక చూసింది. ఆమెకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ముందుకొచ్చి రెండు ఫ్యాన్లూ పీకేసింది. పళ్ళెం, పట్టీ, దీపం, రెండు హబ్బులూ అన్నీ పీకి మూలకి నెట్టేసింది.

"వరసలో రండి. పాపాయమ్మత్తా, ముందు నీ కాలిలా పెట్టు."

ముద్ర తీసింది, తీగ పీకింది, ఫొటో తీసింది, తీగ పీకింది, ప్రింటు ఇచ్చింది. మళ్ళీ ముద్ర. ఫ్యాను ఖాళీ చేసిన కన్నంతో ఇప్పుడు చోట్లు రెండయ్యాయి, పని రెట్టింపు వేగంతో సాగింది. చీటీ నోట కరుచుకున్న కుందేలు కరుచుకున్నట్టే పిల్లల కోసం పరిగెత్తింది. మిగిలిన ఇరవై ఎనిమిది చీటీలూ ఇచ్చేశాక గాని సుగుణ తల పైకెత్తలేదు.

తలెత్తేసరికి ఎదురుగా గజేంద్రంగారూ, ఆయన వెనక మిగతా అధికారులూ ఉన్నారు. గాలాడక మెలకువొచ్చింది ఆయనకి.

"నా ఫ్యాను!"

"నా తేనె గడ్డకట్టింది!"

"చీటీలన్నీ ఇచ్చేశానండి" అంది సుగుణ. "అందరూ గుట్టెక్కేశారండి."

"చీటీల సంగతి తర్వాత. అనుమతి ఏదీ?" అన్నాడు నరసింగం. అక్కడికక్కడే విచారణ జరిగింది. రెండు తీర్మానాలు చేశారు. హబ్బుల పథకం వల్ల నలభై కుటుంబాలు క్షేమంగా తరలాయి కనక కార్యదర్శికి అభినందనలు. అధికారుల తీగలు పీకిన నేరానికి సుగుణ ఉద్యోగం ఊస్టు. తర్వాత తీగలన్నీ యథాస్థానాల్లో దోపించారు, సుగుణ చేతనే.

 సుగుణ బయటికొచ్చి ఎదురుగా ఉన్న మద్దిచెట్టు ఎక్కేసింది. ఉడుతకి చీటీ అక్కర్లేదు, చెట్టు చాలు.  గుట్ట మీద తెల్లగా మసలుతున్న చుక్కలు కనపడ్డాయి, అందులో ఒక పెద్ద చుక్క చుట్టూ ఆరు బుల్లి చుక్కలు. వాటివంకే చూస్తూ కూర్చుంది.

అంతలో వాగు ఆఫీసు మెట్లెక్కింది. ఏ అనుమతీ లేకుండా. అధికారులు గుట్ట దారి పట్టారు. అడవిదున్న కొమ్ములు అడ్డం పెట్టింది.

"చీటీలండి."

"నేనెవర్నో తెలుసా?" అన్నారు ఛైర్మన్‌గారు.

"తెలుసండి. తమరి సంతకమే కదండీ ఇది. ఎంతటివారైనా సరే అని రాశారండి."

ఛైర్మన్‌గారు ఒకసారి దున్న కొమ్ముల వంకా, ఒకసారి తన సంతకం వంకా చూశారు. రెండూ వాడిగానే ఉన్నాయి. నలుగురూ వెనక్కి పరిగెత్తి, మోకాటి లోతు నీళ్ళలో ఆఫీసులోకొచ్చారు. చీటీలు నాలుగు చాలు. ముద్ర యంత్రం ఎర్రగా మిణుక్కుమని ఆరిపోయింది.

"ఫ్యాన్లు పీకండయ్యా!" అని చెట్టు మీంచి అరిచింది సుగుణ. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. "ఒక్కోటీ పెట్టి తియ్యండి! నాలుగూ అయిపోతాయి!"

మాట అందరికీ వినపడింది, అర్థమైంది కూడా. అక్కడే చిక్కొచ్చింది.

"ముందు ఎవరిది పీకుదాం?" అన్నాడు నరసింగం.

"జూనియర్ది" అన్నాడు జాంబయ్య, నీలకంఠం వంక చూస్తూ.

"బరువైనది" అన్నాడు నీలకంఠం, పళ్ళెం వంక చూస్తూ.

ఫ్యాన్ల పేరు ఎవరూ ఎత్తలేదు. ఛైర్మన్‌గారు మాత్రం వాటి తీగలకి తొండం అడ్డం పెట్టి, "సభ్యులారా, తొందరపడొద్దు. ఒక ఉపసంఘం వేద్దాం" అన్నారు.

ఉపసంఘంలో ఎవరుండాలన్న దగ్గర నీళ్ళు బల్లకెక్కాయి. లాప్‌టాపూ, పదమూడు కన్నాలూ, వాటిల్లో ఉన్నవన్నీ కలిసి ఒక్కసారే ఆరిపోయాయి. నీలకంఠం ఎగిరి సుగుణ చెట్టు మీదే వాలాడు, ముక్కున కెమెరా తీగ వదలకుండా. ఏనుగు ఈదుకుంటూ వాగులో సాగింది. దాని వీపు మీద ముందు కూర్చోవాల్సింది ఎవరని నక్కా ఎలుగూ సర్వీసులు లెక్కేసుకుంటూ పోతున్నాయి. వానలోంచి నరసింగం గొంతు చాలాసేపు వినపడింది. "వచ్చే ఏడాదికి మూడు హబ్బులండి, అప్పుడు గాని సరిపోవు..."

నీతి: ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోతే ఏ పనైనా అయిపోతుంది, ఆఫీసులో అలా చెయ్యనివ్వనిది అందుకే.