నూకరాజు ముఖం మీది నంబరు

కొత్తరేవు డివిజన్ కార్యాలయంలో అర్జీ పెట్టుకున్న మనిషిని, ఆ అర్జీ తేలేదాకా ఆరంగుళాల ప్లాస్టిక్ బొమ్మగా మార్చి బీరువాలో భద్రపరచడం మొదలై పద్నాలుగేళ్లయింది. అంతకు ముందు జనం వరండాలో కూర్చునేవారు. కూర్చుంటే కుర్చీలు కావాలి, కుర్చీలుంటే ఫ్యాను కావాలి, ఫ్యాను కింద నాలుగు గంటలు కూర్చున్నవాడికి మంచినీళ్లు కావాలి, మంచినీళ్లు తాగినవాడికి మరొకటి కావాలి. బొమ్మకి ఇవేవీ అక్కర్లేదు. ఆకలి వేయదు, వయసు పెరగదు, "నా ఫైలు ఎంతవరకు వచ్చిందండీ" అని అడగదు. ఈ పద్ధతి వచ్చాక వరండా ఎంత శుభ్రంగా ఉందో చూడడానికి పొరుగు జిల్లాల అధికారులు వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లారు.

బొమ్మలు ముచ్చటగా ఉంటాయి. వచ్చినప్పుడు మనిషి చేతిలో ఏముంటే బొమ్మ చేతిలోనూ అదే ఉంటుంది, టిఫిన్ క్యారేజీ కానీ, గొడుగు కానీ, చంటిపిల్ల కానీ. అందువల్ల కొందరు పెద్ద అధికారులకు వాటిని సేకరించే సరదా పట్టుకుంది. దండం పెడుతున్న రైతు ఎక్కడైనా దొరుకుతాడు గాని, సైకిలుతో సహా పోస్టుమాన్ అరుదు. ఇంటివాళ్లు ఒక్కసారి కూడా వచ్చి అడగని అర్జీదారుణ్ణి, బీరువాలో పెట్టినప్పుడు చుట్టిన కవరు విప్పకుండానే ఉంచుతారు గనుక, అలాంటివాడికి గిరాకీ ఎక్కువ. ఈ సేకరణ తప్పని ఒక సర్క్యులర్ ఉంది. దాన్ని అమలు చేయవలసినవారి ఇళ్లల్లోనూ అద్దాల బీరువాలున్నాయి.

బొమ్మలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ప్రతి దాని మీదా ఫైలు నంబరు చెరగని మార్కరుతో రాస్తారు. మన ఇళ్లల్లో స్టీలు గిన్నెలకు పేరు కొట్టించుకున్నట్టే ఇదీను. మొదట్లో అరికాలి కింద రాసేవారు. తనిఖీకి వచ్చిన ఒక అధికారికి నడుంనొప్పి ఉండడం వల్ల ప్రతి బొమ్మనూ ఎత్తి అడుగు చూడడం ఆయన వల్ల కాలేదు. నంబరు ఎదురుగా కనబడాలని రిజిస్టరులో రాసి వెళ్లిపోయాడు. సీనియర్ అసిస్టెంటు సూర్యప్రకాశం చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. చొక్కాలూ చీరలూ రంగురంగులవి గనుక నల్లసిరా వాటి మీద ఆనదు. ఆలోచించగా ముఖం ఒక్కటే ఖాళీగా కనబడింది. మూడు రోజులు భోజనానికి కూడా ఇంటికి వెళ్లకుండా అందరి ముఖాల మీదా రాసేశాడు. ఆయన చేతిరాత పెద్దది.

అర్జీ మంజూరైతే బొమ్మను తిరిగి మనిషిని చేసి ఇంటివాళ్లకు అప్పగిస్తారు. బొమ్మ మీద ఏముంటే మనిషి మీద అదే ఉంటుంది. బొమ్మకి ఏది పోతే మనిషికీ అది పోతుంది. నంబరుతో వచ్చిన మనుషుల్ని బంధువులు ఇంటికి తీసుకెళ్లారు గాని, పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. ఫిర్యాదులు వచ్చాయి. ఫిర్యాదు చేసినవాళ్లూ బొమ్మలయ్యారు, వాళ్ల ముఖాల మీదా నంబర్లు పడ్డాయి. అప్పుడు కార్యాలయం సిరా తొలగించడానికి ఒక కాంట్రాక్టు పోస్టు మంజూరు చేసింది.

మొదట చేరినవాడు గోళ్ల రంగు తుడిచే మందు వాడాడు. ఒక రైతు కుడిచెవి కరిగిపోయింది. ఆయన అర్జీలన్నీ ఇకమీదట ఎడమవైపు కౌంటరులోనే తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చి ఆ సమస్యను పరిష్కరించారు. రెండోవాడు పెయింటు థిన్నరుతో తుడిస్తే ఒక పంతులమ్మకు నవ్వు పోయింది. నష్టాల పట్టికలో నవ్వుకు గడి లేకపోవడం వల్ల అది నష్టం కింద రాలేదు. మూడో మనిషి పిల్లి మరిడమ్మ. ఆమె చేతిలో ఇంతవరకు ఒక్క కనుబొమ కూడా పోలేదు.

మరిడమ్మ అంతకు ముందు ప్లాస్టిక్ సామాన్ల కొట్టులో బిందెల మీదా కుర్చీల మీదా మార్కరుతో రాసిన రాతలు చెరిపేది. కొత్త మరక అయితే దాని మీద తెల్లబోర్డు మార్కరు పూసి, తడి ఆరకముందే మెత్తటి గుడ్డతో తీసేస్తే కొత్త సిరా పాత సిరాను వెంటబెట్టుకుని వస్తుంది. మొండి మరక అయితే అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్లో ముంచి, రుద్దకుండా అద్దాలి. రంగు వేసిన చోటికి మాత్రం స్పిరిట్ పోకూడదు. పెదవులు, మీసాలు, కళ్లు పైపూత రంగులే. ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోయిన మరకైతే మొటిమల క్రీము పూసి, పైన పల్చటి కవరు చుట్టి, రోజుల తరబడి ఎండలో పెట్టాలి. క్రీము పక్కకి జారితే అక్కడ ఒంటి రంగు కూడా తెల్లబడుతుంది. ఇవన్నీ ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

ఆమె ఈ పనికి రావడానికి కారణం ఆరో బీరువా, మూడో అరలో ఉన్న ఆమె భర్త నూకరాజు. పదకొండేళ్ల కిందట రేవులో పడవ నడుపుకోవడానికి అనుమతి కోసం వచ్చాడు. పావుగంట పని అన్నారు. అప్పుడు అతనికి ముప్ఫై అయిదు, ఆమెకు ముప్ఫై రెండు. చేతిలో పడవ గెడతోనే వచ్చాడు గనుక బొమ్మకీ గెడ ఉంది. దాన్ని చూసి ముగ్గురు అధికారులు ముచ్చటపడ్డారు. మరిడమ్మ వారానికోసారి దుమ్ము దులిపే వంకతో వెళ్లి, అతన్ని అరలో వెనక్కి జరిపి, ముందు ఒక లావుపాటి కాంట్రాక్టరును నిలబెట్టి వచ్చేది.

ఆషాఢం చివర్లో సూపరింటెండెంటు భుజంగరావు ఆమెను పిలిచాడు.

"మరిడమ్మా, మీ ఆయనది వచ్చేసింది. మంజూరు."

"ఆయ్. ఎప్పటికి కావాలండి?"

"వచ్చే నెల ఆఖరి సోమవారం అప్పగింత. అప్పటికి మచ్చ ఉండకూడదు, గీత ఉండకూడదు. ఉంటే తెలుసుగా?"

"తెలుసండి."

గడువులోగా శుభ్రం కాని బొమ్మ, గీతపడ్డ బొమ్మ జిల్లా ప్రదర్శనశాలకు పోతుంది. అక్కడికి వెళ్లినవాళ్లకు ఇక ఫైలు ఉండదు. ఫైలు లేనివాణ్ణి మనిషిని చేయడానికి నియమాలు ఒప్పుకోవు.

"మన మనిషి కదా అని చూడ్డానికి లేదు," అన్నాడు భుజంగరావు.

"నేనేమన్నా అన్నానా అండీ," అంది మరిడమ్మ.

నూకరాజు ముఖం బొటనవేలి గోరంత. దాని మీద సూర్యప్రకాశం రెండు వరసల్లో రాశాడు. నుదుటి మీద 'బి-4', దాని కింద రెండు కళ్ల మీదుగా '1187'. నుదురు ఒక పూటలో తేలింది. బుగ్గల మీదికి జారిన అంకెల తోకలు నాలుగు రోజుల్లో పోయాయి. కళ్ల చుట్టూ ఇంకిపోయిన మరకకు ఎండ కావాలి. శ్రావణం వచ్చింది, దాంతోపాటు వాన పట్టుకుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, మూడు రోజులకోసారి వచ్చే ఆ కాస్త ఎండ వేళకే సిబ్బంది సమావేశాలు పెట్టేవారు. మరిడమ్మ సమావేశాలు ఎగ్గొట్టి, బొమ్మను పళ్లెంలో పెట్టుకుని మేడ మీద నిలబడేది. ఆమె గైర్హాజరీకి మూడు మెమోలు వచ్చాయి. సంతకం పెట్టి తీసుకుంది.

ఇరవై రెండో రోజుకి నల్లరంగు లేని చోట ఉన్న సిరా అంతా పోయింది. కళ్లు మిగిలాయి. కనుపాప నలుపు, సిరా నలుపు. రెండూ ఒకదాని మీద ఒకటి గడ్డకట్టి, ఎక్కడ కన్ను అయిపోయి నంబరు మొదలవుతోందో తెలియడం లేదు. ఎక్కువ తీస్తే మనిషి గుడ్డివాడవుతాడు. తక్కువ తీస్తే కంట్లో అంకె మిగులుతుంది. ఏ వైపు తీయాలన్నది తెలియాలంటే అతని చూపు ఎటు ఉండేదో తెలియాలి. నూకరాజు బొమ్మ అయిన అయిదు నిమిషాలకే నంబరు పడింది గనుక, నంబరు లేని ఆ బొమ్మ ముఖాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

"రేషను కార్డులో ఫొటో ఉంటుందిగా, అది చూసి పెట్టెయ్," అన్నాడు సూర్యప్రకాశం. తన రాతే కదా అన్న బాధ్యతతో సలహా చెప్పడానికి వచ్చాడు.

"అందులో ఫొటో తీసేవోణ్ణి చూసి బెదిరిపోయాడండి. ఆ బెదురే ఉండిపోద్ది."

"పోనీ ఏదో ఒక వైపు పెట్టు. మనుషులన్నాక ఎటో అటు చూస్తూనే ఉంటారు."

మరిడమ్మ బొమ్మను ఒళ్లో పెట్టుకుని భర్త చూపును గుర్తు తెచ్చుకోవాలనుకుంది. గుర్తుకొచ్చింది బొమ్మే. పదకొండేళ్లుగా వారం వారం తుడిచిన ఆరంగుళాల మనిషి, కళ్ల మీద నాలుగంకెలు. దాని వెనక ఉండవలసిన మనిషి, అన్నం తినేటప్పుడు ఎటు చూసేవాడు, కోపమొస్తే ఎలా చూసేవాడు, ఏమీ రాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. బొమ్మను బల్ల మీద దూరంగా పెట్టి ఏడ్చింది, తడి తగిలితే క్రీము పక్కకి జారుతుందని. తన మనిషి ముఖం తనకే తెలియకుండా పోయినందుకు సూర్యప్రకాశం మీద కన్నా తన మీదే ఆమెకు కోపం వచ్చింది.

మర్నాడు పనికి వస్తూ, నూకరాజు అర్జీ పెట్టిన మూడో కౌంటరు ముందు ఆగింది. అక్కడ నిలబడి, ఆ రోజు తాను ఎక్కడుందో చూసుకుంది. కౌంటరుకి ఎడమ పక్క స్తంభం దగ్గర, అతని చెప్పులు చేత్తో పట్టుకుని. లోపలికి చెప్పులతో రాకూడదన్నారు. గుమాస్తా "ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అన్నాడు. వేలు సిరాలో పెట్టేముందు, ఎవరో ఒకరు సరేనంటే గాని ఏ పనీ చేయలేని మనిషి గనుక, నూకరాజు ఎడమవైపు తిరిగి తనను చూశాడు. తాను తలూపింది. అలా చూస్తూనే వేలు ఆనించాడు. అంతే, బొమ్మైపోయాడు.

ఆమె చీపురుపుల్ల కొన చెక్కి, ఊపిరి బిగబట్టి, రెండు కళ్లలోనూ అతని కుడివైపు నలుపు తీసేసి, అతని ఎడమ మూలన ఉన్నది ఉంచేసింది. అందుకు తొమ్మిది గంటలు పట్టింది.

సోమవారం భుజంగరావు భూతద్దం పెట్టి చూశాడు. మచ్చ లేదు, గీత లేదు. నూకరాజును కౌంటరు ముందు నిలబెట్టి మనిషిని చేశారు. గెడ కూడా పన్నెండడుగులైంది. ట్యూబులైటు పగిలింది. దాన్ని వేరే రిజిస్టరులో రాశారు.

మరిడమ్మ స్తంభం దగ్గర నిలబడింది. నూకరాజు కళ్లు సరిగ్గా ఆమె మీదే తెరుచుకున్నాయి.

"ఏవండి," అన్నాడు, "మా ఆవిడ ఇక్కడే నిలబడిందండి. ఎటు వెళ్లిందో చూశారాండి?"

"నేనేనయ్యా. మరిడిని."

అతను చాలాసేపు చూశాడు. గొంతు విన్నాక కాస్త నమ్మకం కలిగినట్టుంది.

"జుట్టేటే అలాగైపోయింది?"

"ఎండలో నిలబడ్డాను."

"పావుగంటకేనా?"

భుజంగరావు కాగితం జరిపాడు. 'పై వ్యక్తిని ఎలాంటి నష్టమూ లేకుండా అందుకున్నాను' అని అచ్చు వేసి ఉంది. మరిడమ్మ కాగితం అటూ ఇటూ తిప్పి, తీసుకునేవారికి జరిగిన నష్టం రాయడానికి ఎక్కడైనా గడి ఉందేమోనని చూసింది. లేదు. సంతకం పెట్టింది. తరవాత అనుమతి పత్రం ఇచ్చారు. అర్జీ పెట్టిన తేదీ నుంచి పదేళ్లు చెల్లుతుందని అందులో ఉంది.

"ఇది పోయినేడే అయిపోయిందండి," అంది మరిడమ్మ.

"అవును, పొడిగింపుకి పెట్టుకోవాలి. ఇదే కౌంటరు. మీకు లైను కూడా లేదు," అన్నాడు భుజంగరావు. ఆయన మంచి మనిషి. ఫారం తానే తీసి ఇచ్చాడు.

మరిడమ్మ భర్తను పక్కకి లాగింది. "ఆ కాయితం మనకెందుకయ్యా? రేవు లేదు. వంతెన కట్టేశారు."

"ఎప్పుడు?"

"నువ్విక్కడుండగా."

"వంతెన కింద నీళ్లున్నాయా లేవా?"

"ఉన్నాయి."

"మరింకేటి? నీళ్లున్నన్నాళ్లు పడవుంటాది. ఇంత దూరం వచ్చి కాయితం లేకుండా ఎలా వెళ్తామే? ఆళ్లు పావుగంటంటున్నారు కదా."

"ముందూ పావుగంటే అన్నారు."

"అయ్యిందిగా మరి," అన్నాడు నూకరాజు.

అక్కణ్ణించి గేటు ముప్ఫై అడుగులు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్తే ఆపేవాళ్లు ఎవరూ లేరు. గేటు దగ్గర కాపలావాడు ఆమెకు రోజూ నమస్కారం పెడతాడు. ఆమె గేటు వైపు చూసింది. కానీ ఆమె కూడా పదకొండేళ్లుగా ఈ కార్యాలయంలోనే పనిచేస్తోంది. కాయితం లేకుండా ఆ గేటు దాటిన మనిషి బయట ఏమవుతాడో ఆమె ఎప్పుడూ చూడలేదు. ఫారం తీసుకుని, ఎక్కడెక్కడ ఏం రాయాలో కంఠతా వచ్చు గనుక, తానే నింపింది.

"ఈసారి వేలిముద్ర వేసేటప్పుడు నన్ను తిన్నగా చూడు," అంది.

"ఎందుకే?"

"ఊరికే."

నూకరాజు ఆమెను తిన్నగా చూస్తూ వేలిముద్ర వేశాడు. సూర్యప్రకాశం బొమ్మను బల్ల మీద నిలబెట్టుకుని మార్కరు మూత తీశాడు. మార్కరు కొత్తది గనుక చిత్తు కాగితం మీద రెండు గీతలు గీసి చూసుకున్నాడు. ఆ రెండు గీతలు గీసేలోగా మరిడమ్మ వంగి ఆ కళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతున్నాయో చూసి పెట్టుకుంది. అంతపాటి సమయం ఆ కార్యాలయంలో ఎవరికైనా ఇస్తారు.