నరికిందా, హత్తుకుందా?

పొద్దున్నే ఆఖరి పేజీ కానిచ్చేసి, మధ్యాహ్నానికల్లా నవల అప్పగించి ఊపిరి పీల్చుకోవాలని అనువాదకుడి ఆలోచన. ఆర్నెల్లుగా నడుం విరగ్గొడుతున్న ఇంగ్లీషు ప్రేమకథ అది. ఏళ్ల తరబడి కనపడకుండా పోయిన ప్రియుడు చివర్లో తిరిగొచ్చి తలుపు తడతాడు. నాయిక తలుపు తీస్తుంది. ఆ తర్వాత ఆమె చేసిన పనికి రచయిత్రి వాడిన క్రియ "క్లీవ్". ఆ మాట అతనెన్నడూ వినలేదు. చేతికందిన చిన్న నిఘంటువు తిరగేశాడు: నరుకు, చీల్చు.

"ఏమే, ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషి, వాడు రాగానే నరుకుతుందంటావా?"

భార్య బట్టలు మడతపెడుతూనే, "ఒక్కసారైనా కబురు పెట్టలేదన్నారుగా? నరకదూ మరి!" అంది.

సబబుగానే తోచింది. నరికించేసి పంపించాడు.

సాయంత్రం సంపాదకుడు ఫోన్ చేశాడు. "ముగింపు అదిరిందండీ! కానీ గొడ్డలి ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

అనువాదకుడు మూడో అధ్యాయంలో పెరటి గోడకి ఓ గొడ్డలి ఆనించాడు. గొడ్డలి ఉన్నాక, పాపం, పియానో వాయించుకునే నాయిక కట్టెలు కొట్టక తప్పలేదు. చిత్రకారుడు అట్ట నిండా రక్తం కార్చాడు. సంపాదకుడు పేరు మార్చి "నెత్తుటి నిరీక్షణ" అన్నాడు.

పుస్తకం బజారులోకి వచ్చాక, గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తిరగేస్తుంటే అదే మాట మళ్లీ కంటబడింది. పక్కన, నవల్లో ఉన్నట్టే, "టు" చేరితే ఎడబాయకుండా హత్తుకోవడమట. కవులూ పాత రచయితలూ అలా వాడతారట. ఇన్నేళ్లుగా సంపాదించుకున్న పేరు రెండక్షరాల ఇంగ్లీషు "టు" కింద పడి నలిగిపోయింది.

పరుగున వెళ్లి సంపాదకుడి ముందు నిలబడ్డాడు. "కొంప ముంచేశానండీ. ఆవిడ నరకలేదు, కావలించుకుంది."

సంపాదకుడి మొహం నల్లబడింది. "గొడ్డలితోనా?"

బతిమాలగా బతిమాలగా, రెండో ముద్రణలో దిద్దడానికి ఒప్పుకున్నాడు. అనువాదకుడు తిండీ నిద్రా మాని గొడ్డలి పీకేశాడు, కట్టెలు మాయం చేశాడు, ఆమె అతన్ని మనసారా హత్తుకునేలా చేశాడు. చాలా రోజులకి గొంతులో ముద్ద దిగింది.

తర్వాత పత్రికలో సమీక్ష వచ్చింది. మొదటి ముద్రణను ఆకాశానికెత్తిన పెద్దమనిషే, ఈసారి ఒక్క వాక్యంతో సరిపెట్టాడు:

"అనువాదకుడికి ఇంగ్లీషు రాదని ముగింపులో తేలిపోయింది."