జక్కయ్య అన్న ‘ఇంకా’

దేవరయాంజాల్‌లో జక్కయ్యకు ట్యాబు అప్పగించి, భోజనం వేళకు గాజులరామారం తిరిగి వచ్చేయాలన్నది ఆ ఉదయం షైని వేసుకున్న ప్లాను. మాట పడిపోయినవాళ్లు బొమ్మ నొక్కితే వాళ్ల బదులు మాట్లాడే ట్యాబులు సిద్ధం చేయడం ఆమె పని. ఆ పని చేసేవాళ్లకు ఒక సంఘం కూడా ఉంది. "చేరరాదే, తెల్వనియి అడగొచ్చు" అని స్నేహితురాలు నయన ఏడాదిగా పోరుతోంది. "నాకు తెల్వనియి ఏమున్నయే?" అనేది షైని.

ట్యాబులో నాలుగు బొమ్మలు పెట్టింది: ‘సల్ల’, ‘బువ్వ’, మందుబిళ్లకు ‘గోలి’, మరికొంచెం కావాలంటే ‘ఇంకా’. జక్కయ్య మొదటిది నొక్కాడు. "సల్ల" అంది ట్యాబు. భార్య పెంటమ్మ కళ్లు తుడుచుకుంటూ గ్లాసుడు మజ్జిగ తెచ్చింది. అంతవరకూ అంతా ప్లాను ప్రకారమే నడిచింది.

ఇంతలో కొడుకు లక్ష్మణ్ రియల్ ఎస్టేట్ సాయినాథ్‌ను వెంటబెట్టుకొచ్చాడు. చెరువు పక్కనున్న జక్కయ్య చెల్క భూమి మీద సాయినాథ్‌కు ఎప్పటినుంచో కన్నుంది. తండ్రి మాట లేనిదే అమ్మనని లక్ష్మణ్ ఇన్నాళ్లూ ఆపాడు. ఇప్పుడు మాట వచ్చింది కదా.

సాయినాథ్ ధర చెప్పాడు.

"ఏమంటవే నాయినా?" అని లక్ష్మణ్ తండ్రిని అడిగాడు.

జక్కయ్య ఖాళీ గ్లాసు వంక చూసి నొక్కాడు. "ఇంకా."

సాయినాథ్ ధర పెంచాడు. మళ్లీ "ఇంకా" అంది ట్యాబు.

"పెద్దాయన మస్తు హుషారున్నడే!" అంటూ సాయినాథ్ ఇంకోసారి పెంచాడు. సరిగ్గా అప్పుడే పెంటమ్మ గ్లాసు నింపింది. జక్కయ్య తృప్తిగా తాగి ఊరుకున్నాడు.

"ఇగ ఖాయం!" అని లక్ష్మణ్ చెయ్యి కలిపాడు.

జక్కయ్యకు సంగతి అప్పుడు అర్థమైంది. ఎడమచేత్తో ట్యాబును దబదబా బాదాడు. "గోలి. సల్ల. ఇంకా. బువ్వ."

"సంబురంల దావత్ అడుగుతుండు" అన్నాడు లక్ష్మణ్.

"ఆయన సల్ల ఇంకా కావాలన్నడేమో సార్" అంది షైని.

"మీరు పెట్టిన మాటలే గద మేడమ్?"

తల ఊపి చెప్పమందామంటే, పక్షవాతం వచ్చాక అవునన్నా కాదన్నా ఆయన తల ఒకేలా ఊగుతోంది. ముసలాయన కళ్లలో నీళ్లు చూసి షైనికి ఏడుపొచ్చినంత పనైంది. సాయినాథ్ అడ్వాన్సు బయటికి తీశాడు.

షైని వాకిట్లోకి ఉరికి నయనకు ఫోన్ చేసింది. నయన సంఘం గ్రూపులో అడిగింది. క్షణాల్లో జవాబులు కుప్పపడ్డాయి. "నేను గూడ గిట్లనే జేసిన." "మా దగ్గర ఒకామె కాదనే దారిలేక వారమంత ఉప్మా తిన్నది." చివరికి అందరూ అడిగింది ఒకటే: "‘వద్దు’ పెట్టలేదా?"

షైని పరుగున వచ్చి ఐదో బొమ్మ పెట్టి, ట్యాబు ఆయన ముందుకు జరిపింది.

"చెల్క అమ్ముదమా నాయినా?"

"వద్దు."

సాయినాథ్ అడ్వాన్సు జేబులో పెట్టుకుని లేచాడు. లక్ష్మణ్ మాట మార్చాడు. "గోలి ఏసుకుంటవా?" "వద్దు." "బువ్వ?" "వద్దు." "రేపు మేడమ్‌ని రమ్మందమా?" "వద్దు."

షైని ఇల్లు చేరేసరికి భోజనం వేళ ఎప్పుడో దాటిపోయింది. ముందు సంఘంలో చేరి, మొదటి ప్రశ్న అడిగింది: "ఏది అడిగినా వద్దే అంటుండు. ఏం జెయ్యాలె?"

అందరూ ఒకటే జవాబు పంపారు: "ఏం జెయ్యకు. ఆయనకు మాటొచ్చింది."